మేనమామ గారి ఎయిర్ వింగ్ సెలక్షను

ఏమండోయ్, మిమ్మల్నే! అలా వెనక్కి తిరిగి చూస్తారేం, మీ వెనకాల ఎవరూ లేరు. "నన్ను బోల్తా కొట్టించేవాడు ఇంకా పుట్టలేదు" అని మొహం మీద బోర్డు పెట్టుకుని కూర్చున్నారే, ఆ మిమ్మల్నే. ఈ మెసేజి పదిమందికి పంపితే టేబుల్ ఫ్యాను ఉచితం అని ఫోన్లో వస్తే, ఎందుకైనా మంచిదని పదకొండు మందికి పంపింది మీరు కాదూ? సరే, ఆ సంగతి మన మధ్యే ఉంచుకుందాం. దిగులు పడకండి, మీకన్నా ఘనుడు ఒకడున్నాడు. ఉయ్యూరు పక్కన, పుల్లేరు కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు కనపడతాడు. పేరు కృపానందం.

కృపా టెంట్ హౌస్ ఆయనదే. షామియానాలు, కుర్చీలు, మైకుసెట్టు అద్దెకిస్తాడు. తొమ్మిదో తరగతి మూడేళ్ళు చదివి, ఇక ఆ తరగతిలో నేర్చుకునేదేమీ లేదని తేల్చుకుని బయటికొచ్చాడు. మనిషి మంచివాడే. అబద్ధం చెప్పకపోతే మాత్రం ఆయనకి అన్నం సయించదు. ఒక పెళ్ళిలో మొదటి బంతి నిండిపోయి తనకు చోటు దొరకలేదని, మైకు పుచ్చుకుని, "తెల్లకారులో వచ్చినవారికి మనవి. మీ వెనక టైరులో గాలి పోయింది" అన్నాడు. విస్తళ్ళ ముందు నుంచి పదిహేడు మంది లేచి బయటికి పరిగెత్తారు. కృపానందం తీరిగ్గా మంచి చోటు చూసుకుని కూర్చుని, పక్కవాడి గారె కూడా తిన్నాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అక్క అమలమ్మ ఇంటికెళ్ళి నాలుగు ఇడ్లీలు తినాలి. ఆ పైన కంకిపాడులో ఓణీల ఫంక్షనుకి షామియానా వేయించాలి. అంతే.

ఇడ్లీల దాకా సవ్యంగానే జరిగింది.

అమలమ్మ ఇంటి వరండాలో బావ శౌరయ్య పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. శౌరయ్యకి ఆరెకరాల చెరుకు, రోజుకి ఆరు మాటలు. ఎత్తులంటే మహా భయం. సొంత డాబా కట్టి పదేళ్ళయినా ఇంతవరకూ దాని పైకి ఎక్కి చూడలేదు. పైన వడియాలు ఎండాయో లేదో కూడా కింద నుంచే కేకేసి కనుక్కుంటాడు. ఆయన పక్కన కూతురు బ్లెస్సీ, బెజవాడ కాలేజీకి వెళ్ళే బస్సు కోసం తయారై నిలబడి ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం. బల్ల మీద ఒక కాగితం.

"ఏంటమ్మడూ ఆ కాయితం?" అన్నాడు కృపానందం, వేలికంటిన చట్నీ నాకుతూ.

"ఎన్.సి.సి. అప్లికేషను మామయ్యా. మామూలుది కాదు, ఎయిర్ వింగ్. ఇంకో పంతొమ్మిది రోజుల్లో మా కాలేజీ గ్రౌండులో సెలక్షను. పరుగు పెడతారు, ఇంటర్వ్యూ చేస్తారు. సెలెక్టయితే యూనిఫాం, క్యాంపులు, విమానాల మీద క్లాసులు. బాగా చేసినవాళ్ళకి చిన్న విమానంలో ఎక్కే ఛాన్సు కూడా ఉంటదంట."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు పిల్ల చూపు ఆకాశం వైపు పోయింది. బ్లెస్సీకి ఆ పిచ్చి ఆరో తరగతి నుంచీ ఉంది. గన్నవరం వైపు దిగే విమానం చెరుకుతోట మీద నుంచి పోతుంటే, కలుపు తీసేవాళ్ళందరూ తలొంచుకుని పని చేసుకుంటుంటే, ఈ పిల్ల ఒక్కతే గెనెం గట్టు మీద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేది. ఇప్పుడైతే చప్పుడు విని ఏ టైము ఫ్లయిటో చెప్పేస్తుంది.

"నాన్న సంతకం కావాలేంటి?"

"కావాలి."

కృపానందం కళ్ళల్లో ఒక మెరుపు మెరిసింది. ఆ మెరుపు చూస్తే తెలిసినవాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతారు. బావకు ఎత్తులంటే భయం, కూతురిది గాలిలో ఎగిరే యవ్వారం, మధ్యన ఇంగ్లీషు కాగితం. ఇంతకన్నా దేవుడు ఏమివ్వగలడు? చెయ్యి లుంగీకి తుడుచుకుని, కాగితం తీసుకుని, గొంతు సవరించుకున్నాడు. కృపానందానికి వచ్చిన ఇంగ్లీషు మొత్తం ఆయన దుకాణం బోర్డు మీదే ఉంది. అయినా కళ్ళు కాగితం మీద ఎడమ నుంచి కుడికి చక్కగా జరుపుతూ చదివాడు.

"'ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయునదేమనగా, అభ్యర్థిని తండ్రిగారు కూడా అదే రోజున, అదే గ్రౌండునందు, పరుగు పరీక్షకు హాజరు కావలెను. సదరు తండ్రిగారికి ఎత్తులన్న భయముండరాదు. గిరగిరా తిప్పినచో కళ్ళు తిరగరాదు. తండ్రిగారు ఫెయిలైనచో పిల్ల కూడా ఫెయిలైనట్టే భావించబడును.' అదీ బావా సంగతి! రక్తంలో భయం ఉందా లేదా చూస్తారన్నమాట. ఎయిర్ వింగంటే ఏమనుకున్నావ్?"

శౌరయ్య ఇడ్లీ ముక్క చేత్తో పట్టుకుని కూతురి వైపు చూశాడు. కూతురు తండ్రి వైపు చూసింది.

"అంతేనామ్మా?" అన్నాడు శౌరయ్య.

"అంతే నాన్నా. మామయ్య చదివింది కరెక్టే. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది."

కృపానందానికి పొలమారింది. ఇన్నేళ్ళ తన అనుభవంలో ఒకళ్ళు తన అబద్ధాన్ని అందుకుని ముందుకు మోయడం ఇదే మొదటిసారి. 'మేనకోడలికి అచ్చం నా పోలికే' అని లోపల్లోపల పొంగిపోయాడు. ఆ పొంగు శౌరయ్య పళ్ళెం పక్కకు జరిపేదాకానే నిలిచింది.

"అయితే వద్దులే తల్లీ," అన్నాడు శౌరయ్య. "డాబా ఎక్కలేనోణ్ణి, నేనేం పరిగెడతాను? నా మూలాన నువ్వు ఫెయిలవటం నాకిష్టం లేదు. ఆ కాయితం లోపల పెట్టెయ్."

బ్లెస్సీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కృపానందం మూడో ఇడ్లీ పళ్ళెంలో పడేశాడు.

"బావా, జోకు! ఊరికే అన్నాను. అందులో అట్టాంటిదేం లేదు."

"పిల్ల మొహం చూసి జాలిపడి అంటున్నావులే."

"కాదు బావా, మరియమాత మీద ఒట్టు!"

"టైర్ల గాలప్పుడు కూడా మాత మీదే ఒట్టేశావు."

అమలమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఒరే కృపా, ఇందాక చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

"ఇప్పుడు చెప్పేదే నిజమక్కా. ఇందాక చెప్పింది అబద్ధం."

"ఇందాక అబద్ధం చెప్పినోడివి ఇప్పుడు నిజం చెప్తావని ఏంట్రా నమ్మకం?"

నలభై ఎనిమిదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు అది, ఒక్క పూటలో పోతుందా? వంటింట్లోకి తొంగి చూశాడు. బ్లెస్సీ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కృపానందం గుండె కరిగి నీరైపోయింది.

"ఏడవకే అమ్మడూ. నాన్నకి కూర్చోబెట్టి నచ్చజెప్తాను."

పిల్ల అటే తిరిగి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, "వద్దు మామయ్యా. జోకని నమ్మితే ఇంకా కష్టం. 'మీరు వేళాకోళాలాడే కాయితం మీద నేను సంతకం చెయ్యను' అంటాడు. నీకు తెలుసుగా నాన్న సంగతి. ఇంక నా ఎయిర్ వింగ్ అయిపోయినట్టే," అంది.

"మరేం చెయ్యమంటావే?"

"నువ్వే చూడు. రూలు రాసింది నువ్వే కదా."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మోపెడ్ ఆగింది. దిగినవాడు అబ్రహాము, ఊరి చర్చిలో ఉపదేశి. ఫాదర్ గారు నెలకు రెండుసార్లే వస్తారు గనుక మిగతా రోజుల్లో ఊరికి ప్రార్థనలూ తీర్పులూ అన్నీ ఆయనే. పండక్కి కుర్చీల గురించి అడగడానికి వచ్చినవాడు, వరండాలో మొహాలు చూసి, సంగతి కనుక్కుని, అరుగు మీద స్థిమితంగా కూర్చున్నాడు.

"ఇందులో ఆలోచించటానికేముంది?" అన్నాడు. "తండ్రి చెయ్యలేకపోతే జ్ఞానతండ్రి లేడూ?"

వరండాలో అందరి కళ్ళూ కృపానందం మీదికి తిరిగాయి.

"జ్ఞానస్నానం నాడు ఈ పిల్లని చేతుల్లో ఎత్తుకుని, గుళ్ళో అందరి ముందూ, 'దీని బాధ్యత నాది' అన్నదెవరు? రిజిస్టర్లో సంతకం కూడా ఉంది. తెమ్మంటే తెస్తాను. ఆ పైన మేనమామ. రెండు విధాలా తండ్రి లెక్క."

"ఉపదేశి గారూ, అది ఆత్మకి సంబంధించిన బాధ్యతండీ!"

"పరుగు మాత్రం ఆత్మ ఇంట్లో పెట్టి పరిగెడతావా?"

శౌరయ్య ఆ రోజు కోటాలో మిగిలిన మాటలన్నీ ఒకేసారి వాడేశాడు. "కృపా పాసైతే సంతకం పెడతాను. అక్కడే, గ్రౌండులోనే పెడతాను. ఫెయిలైతే లేదు."

కృపానందానికి ఇక రెండే దార్లు. ఉత్త అబద్ధమని పట్టుబట్టి పిల్ల ఆశ చంపెయ్యాలి, లేకపోతే పరిగెత్తాలి. వంటింటి గుమ్మంలో నుంచి బ్లెస్సీ కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది. ఆ చూపు ముందు కృపానందం పెద్ద పొట్ట ఒకసారి లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికొచ్చింది.

"సరే," అన్నాడు.

కంకిపాడు ఓణీల ఫంక్షను ఆ రోజు ఎండలోనే జరిగింది.

మంగళవారం పొద్దున అయిదింటికి పుల్లేరు కాలవగట్టు మీద ట్రైనింగు మొదలైంది. ముందు బ్లెస్సీ, వెనక కృపానందం, ఆ వెనక మోపెడ్ మీద ఈల నోట్లో పెట్టుకుని అబ్రహాము, అందరి వెనకా ఇదేదో కొత్తగా ఉందని తోడొచ్చిన రెండు కుక్కలు. కృపానందం ఆఖరిసారి పరిగెత్తింది మైలవరం దగ్గర ఒక ఎద్దు వెంటపడ్డప్పుడు. అది పదిహేనేళ్ళ కిందటి మాట. ఎద్దుకు జాలి ఉంది, అబ్రహాముకు లేదు.

"ఉపదేశి గారూ, ఊపిరాడట్లేదండీ!"

"మాట్లాడుతున్నావుగా, ఆడుతున్నట్టే. పద!"

పాలక్యాన్లు వేసుకుని పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి దారిచ్చారు. "ఏం కృపానందం, ఎవరన్నా తరుముతున్నారా?" అని అడిగినవాళ్ళకి చెప్పడానికి ఆయన దగ్గర గాలి లేదు.

నాలుగో రోజున ఒక ఉపాయం తట్టింది. "నాకు బీపీ ఉందక్కా. డాక్టరు పరిగెత్తొద్దన్నాడు," అన్నాడు దిగులుగా. అమలమ్మ తమ్ముణ్ణి పట్టుకుని తిన్నగా సిస్టర్ల ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడి పెద్ద సిస్టరు చేతికి పట్టీ చుట్టి, బుస్సుబుస్సున గాలి కొట్టి, లైనులో ఉన్న ముప్ఫై మందికీ వినపడేలా, "నూట ఇరవై, ఎనభై! గుర్రానికి కూడా ఇంత చక్కగా ఉండదు," అని ప్రకటించింది. పైగా రాత్రిపూట అన్నం బదులు రెండు పుల్కాలు తినమంది. ఆ సలహా డబ్బుల్లేకుండా ఇచ్చింది.

ఏడో రోజు కళ్ళు తిరగని పరీక్షకు తయారీ. ఉయ్యూరు సెంటర్లో నవాబ్‌కి ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. అందులో కంప్యూటరు ముందు చక్రాల కుర్చీ ఒకటి. కృపానందాన్ని అందులో కూర్చోబెట్టి అబ్రహాము ఒక పక్క, నవాబ్ ఒక పక్క నిలబడి తిప్పారు.

"ఎట్టా ఉందన్నా?" అన్నాడు నవాబ్.

"నువ్వు నలుగురు కనపడుతున్నావు."

"నలుగురిలో ఎవరికన్నా గడ్డం లేకుండా ఉందా?"

"లేదు."

"అయితే చూపు బానే ఉంది. ఇంకో పది రౌండ్లు తిప్పండి ఉపదేశి గారూ."

ఇదంతా ముగ్గురు నలుగురి మధ్య గుట్టుగా జరిగిపోయేదే. గంట దగ్గర చెడింది. ఎత్తుల భయం పోవాలంటే రోజూ పొద్దున చర్చి గోపురం ఎక్కి గంట కొట్టాలని అబ్రహాము రూలు పెట్టాడు.

"తాడు కింద నుంచే లాగొచ్చు కదండీ!"

"లాగొచ్చు. మరి ఎత్తు అలవాటయ్యేదెట్టా?"

కృపానందం కళ్ళు మూసుకుని ఇనుప నిచ్చెన ఎక్కాడు. పైన గంట పక్కన నిలబడి, కళ్ళు తెరిచి, ఒక్కసారి కిందకు చూశాడు. కింద అబ్రహాము చెప్పు అంత ఉన్నాడు. బావకే కాదు, బావమరిదికీ ఎత్తులంటే ప్రాణభయమని ఆ క్షణంలో తెలిసింది. ఇన్నాళ్ళూ షామియానా గుంజలు ఎక్కేది పనివాళ్ళు కాబట్టి బయటపడలేదంతే. దగ్గర్లో పట్టుకోవడానికి ఏం దొరికితే అది కావలించుకున్నాడు. దొరికింది గంట. ఆయన వణికినకొద్దీ గంట మోగింది, గంట మోగినకొద్దీ ఆయన వణికాడు. ఆ విధంగా పావుగంట.

ఊళ్ళో గంట అలా ఆగకుండా మోగితే ఒకటే అర్థం. ఆడవాళ్ళు పొయ్యిలు ఆర్పి, మగవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని, ఊరు ఊరంతా చర్చి ముందుకు వచ్చేసింది.

"ఎవరు పోయారండీ?" అని అడిగాడు ఒక ముసలాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఇంకా పోలేదు. పైనున్నాడు," అన్నాడు అబ్రహాము.

నలుగురు ఎక్కి కృపానందాన్ని గంట నుంచి విడదీసి దింపేసరికి, ఎయిర్ వింగ్ సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. ఏడవడానికి వచ్చినవాళ్ళు ఊరికే తిరిగి వెళ్ళలేరు కదా, సంతోషపడటం మొదలుపెట్టారు. "మేనకోడలి కోసం గోపురం ఎక్కాడమ్మా!" అని ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఇక అది ఇంటి విషయం కాదు, ఊరి పరువు. సెలక్షను రోజుకి ఊరంతా తోడు రావాలని అక్కడికక్కడే తీర్మానమైపోయింది. కృపానందం నోరు తెరిచి, "అసలు సంగతేంటంటే..." అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాటికల్లా వంతెన దగ్గర ఫ్లెక్సీ లేచింది. నవాబ్ చేతిపని. నీలం ఆకాశం, రెండు యుద్ధవిమానాలు, మధ్యన పైలట్ డ్రస్సులో ఎవరిదో కండలు తిరిగిన ఒళ్ళు, దాని మీద పెళ్ళిఫొటోలోంచి కత్తిరించిన కృపానందం తల, తలకి బాసికం. కింద, 'గగనతలానికి ఎగబాకుతున్న మా ఊరి ముద్దుబిడ్డ, జ్ఞానతండ్రి కృపానందం గారికి విజయోస్తు!' బ్లెస్సీ ఫొటో కూడా ఉంది, ఒక మూల, తపాలా బిళ్ళంత.

"ఒరే నవాబూ, పరీక్ష పిల్లదిరా! అంత తలకాయ నాదెందుకురా?"

"కంప్యూటర్లో మీ ఫొటోనే ఉందన్నా. మొహమాటపడకండి."

సెలక్షను రోజు శనివారం. పొద్దున్నే కృపానందం సొంత ట్రక్కు ఆటోలో, సొంత కుర్చీల మీద, జనం సర్దుకుని కూర్చున్నారు. వెనక ఇంకో రెండు ఆటోలు. అబ్రహాము ఫాదర్ గారి దగ్గర్నుంచి తెచ్చిన తీర్థం ఆటో ముందు చక్రం మీదా, కృపానందం మోకాళ్ళ మీదా చల్లాడు. బయల్దేరగానే ఎవరో మైకుసెట్టు ఆన్ చేశారు. అదీ ఆయనదే. కంకిపాడు, పెనమలూరు, పోరంకి, బందరు రోడ్డు పొడుగునా, "ఎయిర్ వింగ్ పరీక్షకు తరలివెళుతున్న కృపానందం గారు..." అని అబ్రహాము గొంతు మోగుతూనే ఉంది. కంకిపాడులో ఓణీల ఫంక్షను తాలూకు మనిషి రోడ్డు పక్కన నిలబడి మైకు విని, రాయి కోసం వెతికాడు. కృపానందం కుర్చీ కిందికి జారిపోయాడు.

ఆ కుర్చీ కింద కూర్చునే ఆయనకి అసలు భయం పట్టుకుంది. తన పరువు సంగతి అలా ఉంచండి, అది ఏనాడూ లేదు. ఈ మైకులూ ఈ జనమూ వెళ్ళి గ్రౌండులో పడితే, 'ఇదేం జాతర, ఈ పిల్లే మాకొద్దు' అని బ్లెస్సీని గేటు దగ్గరే తిప్పి పంపిస్తారేమో. ఆరో తరగతి నుంచి మెడ ఎత్తి ఆకాశం చూసిన పిల్ల, తన వెధవ జోకు మూలంగా తల దించుకుని ఇంటికి రావాలా?

ఆటో కాలేజీ గేటు ముందు ఇంకా ఆగకుండానే కృపానందం దూకేశాడు. గ్రౌండులో నలభై మంది దాకా పిల్లలు తెల్ల బనీన్లలో వరసగా నిలబడి ఉన్నారు. ఎన్.సి.సి. చూసే లెక్చరరు ఛాయాదేవి ఖాకీ డ్రస్సులో, మెళ్ళో ఈలతో, చేతిలో పేర్ల కాగితాలతో ఉంది. కృపానందం పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆమె ముందు చేతులు జోడించాడు. పద్దెనిమిది రోజుల ట్రైనింగు పుణ్యమా అని ఆయాసం రాలేదు.

"మేడం గారూ, నా పేరు కృపానందమండీ. బ్లెస్సీ మేనమామని. తప్పంతా నాదేనండీ. తండ్రికి కూడా పరీక్ష ఉందని మా బావకి ఉత్తుత్తి అబద్ధం చెప్పానండీ. ఆ గేటు బయట మైకు నాదే, ఆ జనం నా మూలానే వచ్చారు. పిల్లకి ఏ పాపం తెలీదు. దాన్ని మాత్రం తియ్యకండి మేడం. మీ దయుంటే మా బావ చూస్తుండగా నన్నొక రౌండు ఊరికే పరిగెత్తించి, పాస్ అనెయ్యండి. నన్ను తర్వాత పోలీసులకి పట్టించినా సరే."

పుట్టి బుద్ధెరిగాక కృపానందం ఇంత పెద్ద నిజం ఒక్క ఊపులో చెప్పడం ఇదే మొదలు. చెప్పాక నోరంతా అదోలా, చేదుగా అయింది.

ఛాయాదేవి ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"ఊరికే ఒక రౌండు కుదరదండీ. తండ్రి తరఫున వచ్చారు కాబట్టి పిల్లలతో సమానంగా నాలుగు రౌండ్లు. బయటి లైనులో పరిగెత్తండి, పిల్లలకి అడ్డం రాకుండా. చెప్పులు విప్పండి."

"మేడం, నిజంగా రూలుందేంటండీ?"

"విప్పండి!"

ఈల మోగింది. పిల్లలు బాణాల్లా దూసుకుపోయారు. కృపానందం లుంగీ మోకాళ్ళ పైకి బిగించి బయటి లైనులో పడ్డాడు. గేటు దగ్గర అబ్రహాము మైకులో, "ఇప్పుడు ముద్దుబిడ్డ మలుపు తిరుగుతున్నారు!" అన్నాడు. ఛాయాదేవి ఒక్క చూపు చూసేసరికి మైకు దానంతటదే ఆగిపోయింది.

రెండు రౌండ్లు బాగానే సాగాయి. మూడో రౌండులో బ్లెస్సీ చెయ్యి డొక్కలోకి వెళ్ళింది. వేగం తగ్గింది. ఒకరి తర్వాత ఒకరు పిల్లలు ఆమెని దాటిపోతున్నారు. ఛాయాదేవి చేతిలో గడియారం నడుస్తోంది. కాలవగట్టు మీద ఇన్ని రోజులు ఆ పిల్ల వెనకాలే పరిగెత్తి కృపానందం ఒక సంగతి కనిపెట్టాడు. బ్లెస్సీకి మెచ్చుకుంటే కాళ్ళు బరువెక్కుతాయి, వెక్కిరిస్తే రెక్కలొస్తాయి. పళ్ళు బిగబట్టి, ఎక్కడ దాచుకున్నాడో ఆ బలమంతా తీసి, బయటి లైనులో ఆమెకి సమానంగా వచ్చాడు.

"ఏమే, పైలట్టూ! అరిసెలు వండటానికి వచ్చావా? నలభై ఎనిమిదేళ్ళ ముసలోణ్ణి, లుంగీ కట్టుకుని నిన్ను దాటేస్తున్నా చూసుకో!"

"మామయ్యా... నోరు... ముయ్యి!"

"ముయ్యను. రేపు నవాబ్‌కి చెప్పి ఫ్లెక్సీలో నీ తపాలా బిళ్ళ కూడా తీయించేస్తా. విమానం నీకెందుకే, కాలవలో పడవెక్కు!"

బ్లెస్సీ డొక్కలోంచి చెయ్యి తీసేసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఎలా పరిగెత్తిందో చూసినవాళ్ళకే తెలుసు. ఆఖరి రౌండులో తొమ్మిది మందిని దాటేసి, గీత దాటేసరికి టైము ఇంకా మిగిలే ఉంది. కృపానందం కూడా గీత దాటాడు, కాకపోతే ఆయన దాటేసరికి పిల్లలు మంచినీళ్ళు తాగి, ఇంటర్వ్యూకి లైను కట్టి, లైను సగం అయిపోయింది కూడా.

మధ్యాహ్నం ఛాయాదేవి పేర్లు చదివింది. పన్నెండో పేరు బ్లెస్సీది. ఊరి జనం గేటు అవతల నుంచి వేసిన కేకకి చెట్ల మీది పిట్టలు బెంజి సర్కిల్ దాకా ఎగిరిపోయాయి. బ్లెస్సీ నవ్వుతూ ఏడుస్తూ తల్లి మెడ చుట్టుకుపోయింది. నేల మీద వెల్లకిలా పడి ఉన్న కృపానందం మెల్లిగా లేచి, ఛాతీ విరుచుకుని, కుంటుకుంటూ బావ దగ్గరికి వచ్చాడు.

"చూశావా బావా! నాలుగు రౌండ్లు. జ్ఞానతండ్రి పాస్. ఇక తీయ్ పెన్ను, పెట్టు సంతకం."

శౌరయ్య అర్థం కానట్టు చూశాడు. "సంతకమా? ఏ సంతకం?"

"అదేంటి బావా! అప్లికేషను మీద!"

"అదా? ఆదివారం పూజ నుంచి రాగానే పెట్టేశాగా. నువ్వు ఇడ్లీలు తినటానికి వచ్చిన ముందు రోజు. పిల్ల ముక్కముక్కా చదివి అర్థం కూడా చెప్పింది."

కృపానందం నోరు తెరుచుకుంది.

"మరి... ఈ పరుగులు... ఆ గంట..."

శౌరయ్య ఆ రోజు మాటల కోటా దాటేశాడు. "పిల్లకి పరుగు ప్రాక్టీసు కావాలంట. తెల్లారగట్ల కాలవగట్టు మీద ఒంటరిగా పంపనని మీ అక్క. నాకేమో మోకాళ్ళు లేవు. నిన్నడిగితే ఎనిమిదింటి దాకా మంచం దిగవు. ఎవర్ని తోడు పంపాలిరా దేవుడా అనుకుంటుంటే, నువ్వే వచ్చి, కాయితం తీసుకుని, రూలు చదివావు. చిన్న అక్షరాలు, గిన్న అక్షరాలు మొత్తం బ్లెస్సీ బుర్రే. అది చెప్పినట్టు మేం ఆడాం. ఉపదేశి గారికి మీ అక్క గుమ్మంలోనే గరిటెతో సైగ చేసింది."

"వంటింట్లో ఏడ్చిందిగా బావా! భుజాలు ఎగిరెగిరి పడ్డాయి!"

"నవ్వాపుకోలేక మామయ్యా," అంది బ్లెస్సీ తల్లి భుజం మీద నుంచి.

కృపానందం అబ్రహాము వైపు తిరిగాడు. ఉపదేశి గారు చాలా శ్రద్ధగా మైకు వైరు చుట్టుకుంటున్నాడు. నవాబ్ వైపు తిరిగాడు. నవాబ్ ఆకాశంలోకి చూస్తూ విమానం ఏమన్నా వస్తుందేమోనని వెతుకుతున్నాడు. ఆఖరికి ఛాయాదేవి వైపు తిరిగాడు.

"మీరు వస్తారని, వచ్చి మిమ్మల్ని పాస్ చెయ్యమంటారని పది రోజుల కిందటే చెప్పింది మీ అమ్మాయి," అంది ఆమె. "నిజం మాత్రం చెప్పరనుకున్నాం. అక్కడ మీరు మమ్మల్ని ఆశ్చర్యపరిచారు."

అప్పుడు మాత్రం ఆమె నవ్వింది. తిరుగు ప్రయాణంలో మైకు మూగబోయింది, జనం మాత్రం మూగబోలేదు. పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. పోరంకి దాటేదాకా కృపానందం కుర్చీ కిందే కూర్చున్నాడు. పెనమలూరులో ఒకసారి గొంతు సవరించుకున్నాడు. కంకిపాడు వచ్చేసరికి ఆ కళ్ళల్లో పాత మెరుపు మెల్లిగా మళ్ళీ వెలిగింది.

ఇప్పుడు ఉయ్యూరు సెంటర్లో ఎవరు దొరికినా ఆపి చెబుతున్నాడు, సంగతంతా తనకు మొదటి రోజే తెలుసట, పిల్ల పరిగెత్తాలని తెలిసి తెలిసే మోసపోయినట్టు నటించాడట, బావనూ, ఉపదేశినీ, నవాబ్‌నూ, మేడం గారినీ అందరినీ కలిపి బోల్తా కొట్టించింది నిజానికి తనేనట.

ఈ మాటను ఉయ్యూరు చుట్టుపక్కల మొత్తం మీద నమ్మినవాడు ఒక్కడే. ఆయన పేరు కృపానందం.